ప్రయోగం చేసినా పోని అపోహలు

పళ్లెంలో కాసిని రంగునీళ్లు పోసి, మధ్యలో వెలిగించిన కొవ్వొత్తి నిలబెట్టి, దానిమీద గాజు గ్లాసు బోర్లించే ప్రయోగాన్ని బడిలో చూడనివారు అరుదు. కాసేపటికి కొవ్వొత్తి ఆరిపోతుంది. పళ్లెంలోని నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. ఎందుకు ఎక్కాయని అడిగితే చాలామంది నోట వచ్చే జవాబు ఒకటే: గ్లాసులోని ఆక్సిజన్ అంతా ఖర్చయిపోయింది, గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు కాబట్టి నీళ్లు కూడా అయిదో వంతు ఎత్తుకు చేరాయి.

వినడానికి పొందికగా ఉన్న ఈ వివరణ తప్పు. మూసిన గ్లాసులో కొవ్వొత్తి ఆరిపోయే వేళకు ఆక్సిజన్ 21 శాతం నుంచి సుమారు 16 శాతానికి తగ్గుతుందే తప్ప సున్నా కాదు. తగ్గినంత మేరా ఖాళీ ఏర్పడుతుందా అంటే అదీ లేదు. మైనం మండేటప్పుడు ఖర్చయ్యే ప్రతి మూడు పాళ్ల ఆక్సిజన్‌కు దాదాపు రెండు పాళ్ల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది నీటిలో అంత త్వరగా కరగదు. నీళ్లు ఎక్కడానికి అసలు కారణం వేడి. గ్లాసు బోర్లించేటప్పుడు మంట వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తుంది. కొంత గాలి అంచు కిందనుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది. అప్పుడు బయటి వాతావరణ పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. అదే గ్లాసు కింద ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెడితే చాలు. ఆక్సిజన్ ఖర్చే కారణమైతే కొవ్వొత్తి ఒకటైనా మూడైనా నీటిమట్టం ఒకే ఎత్తుకు రావాలి. గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే కదా. కానీ మూడు పెట్టినప్పుడు నీళ్లు మరింత పైకి ఎక్కుతాయి. ఇంకో సంగతి కూడా కళ్లు పెట్టి చూస్తే తెలుస్తుంది. మంట బాగా వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరిపోయే సమయంలో గబగబా పైకి వస్తాయి. అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జేమ్స్ బర్క్, ఆంటన్ లాసన్ ఈ ఒక్క అపోహ ఎంత మొండిగా నిలిచి ఉందో చెప్పడానికే 1999లో 'జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్'లో ఒక వ్యాసం రాశారు.

ఈ అపోహ ప్రయోగం చేయకపోవడం వల్ల వచ్చింది కాదు. పిల్లలు ప్రయోగం చేశారు, నీళ్లు ఎక్కడం చూశారు, పుస్తకంలో ఉన్నదే జరిగిందనుకున్నారు. చేతులతో చేయిస్తే రసాయనశాస్త్రం దానంతట అదే అర్థమవుతుందన్న నమ్మకం ఇక్కడే దెబ్బతింటుంది. విద్యార్థి మనసులో ఉన్న ఊహకూ శాస్త్రం చెప్పేదానికీ ఫలితంలో తేడా కనిపించని ప్రయోగం ఎన్నిసార్లు చేయించినా అపోహను కదిలించలేదు. ఒక కొవ్వొత్తి ప్రయోగం అలాంటిది, మూడు కొవ్వొత్తుల ప్రయోగం అలాంటిది కాదు.

మాటల్లోనే దాగిన రసాయనశాస్త్రం

విద్యార్థి తరగతిలోకి ఖాళీ బుర్రతో రాడు. వంటింటి నుంచీ, పొలం నుంచీ, అన్నిటికంటే ఎక్కువగా మాట్లాడే భాష నుంచీ కొంత రసాయనశాస్త్రం ముందే నేర్చుకుని వస్తాడు. తెలుగులో మంచు కరుగుతుంది, మైనం కరుగుతుంది, పంచదార కూడా నీళ్లలో కరుగుతుంది. మూడింటికీ ఒకటే క్రియ. పాఠ్యపుస్తకం మొదటి రెండింటినీ ద్రవీభవనం అంటుంది, మూడోదాన్ని ద్రావణం ఏర్పడటం అంటుంది. ఒకదానికి వేడి కావాలి, మరోదానికి ఇంకో పదార్థం కావాలి. ఇంట్లో మాట ఈ తేడాను చూపదు కాబట్టి పంచదార నీళ్లలో పడి 'నీరైపోయింది' అనుకోవడం సహజం. 'ఆవిరైపోయింది' అంటే వాడుకలో మాయమైపోయిందనే అర్థం, ఆస్తులు కూడా అలాగే ఆవిరవుతాయి. 'కాలి బూడిదయింది' అంటే ఇక మిగిలిందేమీ లేదని. ఇలాంటి మాటలు వింటూ పెరిగిన పిల్లవాడికి ద్రవ్యనిత్యత్వ నియమం పరీక్షలో రాయాల్సిన వాక్యంగా మిగిలిపోతే ఆశ్చర్యం లేదు.

ఈ ముడిని విప్పడానికి మూడు పరీక్షనాళికలు సరిపోతాయి. ఒకదాంట్లో మంచుముక్క, రెండోదాంట్లో పంచదార, మూడోదాంట్లో కొవ్వొత్తి మైనం వేసి, మూడింటినీ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. నాళికల్లోకి నీళ్లు వెళ్లకూడదు. మంచు కరుగుతుంది. మైనం కూడా కరుగుతుంది. పంచదార పలుకులు పలుకులుగానే ఉంటాయి, ఎందుకంటే అది ద్రవంగా మారాలంటే దాదాపు 186 డిగ్రీలు కావాలి. తర్వాత ఇంకో జత నాళికల్లో పంచదార, మైనం వేసి మామూలు చన్నీళ్లు పోయాలి. ఈసారి కాస్త కలిపితే పంచదార కనిపించకుండా పోతుంది, మైనం పైన తేలుతూ ఉంటుంది. పంచదార వేయకముందు నీళ్లనూ పంచదారనూ విడివిడిగా తూచి, కలిపాక మళ్లీ తూస్తే 100 గ్రాములకు 20 గ్రాములు చేరి 120 గ్రాములే వస్తాయి. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు అని ఆ త్రాసే చెబుతుంది. ఇంత చిన్న ప్రయోగంలో తెలుగు మాట ఒకటి రెండుగా చీలిపోతుంది. తెలుగు మాధ్యమంలో పాఠం చెప్పేవారికి ఇది అనువాద పుస్తకాల్లో దొరకని అవకాశం.

కాలితే బరువు పెరగడమా

అపోహలన్నిటిలోకీ గట్టిది కాలడం గురించిన అపోహ. కట్టె కాలితే గుప్పెడు బూడిద మిగులుతుంది. కర్పూరం వెలిగిస్తే ఏమీ మిగలదు. కాబట్టి కాలిన వస్తువు తేలికవుతుందని నమ్మడం మూర్ఖత్వం కాదు, రోజూ చూసే అనుభవం. చరిత్రలో పెద్ద పెద్ద రసాయనవేత్తలు నమ్మింది కూడా అదే. 18వ శతాబ్దంలో చాలాకాలం నిలిచిన ఫ్లాజిస్టన్ సిద్ధాంతం ప్రకారం, మండే ప్రతి వస్తువులోనూ ఫ్లాజిస్టన్ అనే పదార్థం ఉంటుంది, మండేటప్పుడు అది బయటికి పోతుంది. లోహాలను గాలిలో కాలిస్తే బరువు పెరుగుతుందని ఫ్రాన్స్‌లో జాన్ రే 1630లోనే రాశాడు. అయినా సిద్ధాంతం కూలలేదు. బరువు పెరగడాన్ని ఒప్పుకున్న సమర్థకులు కొందరు ఫ్లాజిస్టన్‌కు వస్తువును తేలికపరిచే గుణం ఉందని, అది పోయాక వస్తువు బరువెక్కుతుందని సర్దిచెప్పుకున్నారు. గంధకం, భాస్వరం మండితే బరువు పెరుగుతాయని లావోయిజర్ ఒక కాగితం మీద రాసి, సీలు వేసి ఫ్రెంచ్ అకాడమీకి అప్పగించింది 1772 నవంబర్ 1న. అక్కడినుంచి కొత్త రసాయనశాస్త్రం స్థిరపడటానికి ఇంకా ఏళ్లు పట్టింది.

ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి ఒక్క పీరియడ్‌లో ఆ దారంతా నడవాలని కోరుకుంటున్నారన్నమాట. అసాధ్యం కాకపోయినా, దానికి ప్రయోగాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో తొలి కృత్యం మెగ్నీషియం రిబ్బన్‌ను వెలిగించడం. తెల్లని వెలుగుతో మండి తెల్లని పొడి మిగులుతుంది. చూడటానికి బాగుంటుంది, పిల్లలు ఎప్పటికీ మరిచిపోరు. కానీ అందులో తూచమని చెప్పరు. మిగిలిన పొడిని చూస్తే 'బూడిద' అనే అనిపిస్తుంది. అంటే కాలితే బూడిద మిగులుతుందన్న పాత ఊహకు ఒక మెరుపు తోడయిందంతే. నిజానికి ప్రతి 24 గ్రాముల మెగ్నీషియం గాలిలోని 16 గ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుని 40 గ్రాముల ఆక్సైడ్ అవుతుంది. సరే, తూచి చూద్దామని మూతలేని మూసలో కాలిస్తే ఇంకో చిక్కు. తెల్లని పొగ రూపంలో ఆక్సైడ్ కొంత ఎగిరిపోయి, బరువు పెరగాల్సింది తగ్గినట్టు కనిపించవచ్చు. అప్పుడు ప్రయోగమే అపోహకు సాక్ష్యం చెబుతుంది.

ఇనుప పీచుతో ఈ బెడద తక్కువ. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే సన్నని ఇనుప పీచు కావాలి. గిన్నెలు తోమే మెరుపు స్టీలు పీచు పనికిరాదు, అది సరిగా అంటుకోదు. ఒక కర్రను మధ్యలో దారంతో వేలాడదీసి, ఒక కొనకు ఇనుప పీచు, రెండో కొనకు సరిసమానమైన బరువు కట్టి, పీచును కాస్త విడదీసి నిప్పంటిస్తే మంట లేకుండా ఎర్రని రవ్వలు లోపలికి పాకుతాయి. కాలిన వైపు మెల్లగా కిందికి వాలుతుంది. ఇనుమంతా పూర్తిగా ఆక్సైడ్ అయితే బరువు లెక్క ప్రకారం 43 శాతం దాకా పెరగాలి. లోపలి భాగం కాలకుండా మిగిలిపోతుంది కాబట్టి అంత రాదు. కానీ కర్ర ఏ వైపు వాలిందో వెనక బెంచీలోంచి కూడా కనిపిస్తుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందన్నదే ముఖ్యం. తమ ఊహకు విరుద్ధమైన ఫలితం కనిపించగానే విద్యార్థులు మనసు మార్చుకుంటారనుకుంటే పొరపాటు. అమెరికన్ పరిశోధకులు క్లార్క్ చిన్, విలియం బ్రూవర్ 1993లో ఈ విషయాన్ని వివరంగా చర్చించారు. ఎదురుతిరిగిన ఫలితాన్ని మనుషులు పట్టించుకోకపోవచ్చు, తప్పని కొట్టిపారేయవచ్చు, తమ సిద్ధాంతానికి సంబంధించింది కాదని పక్కన పెట్టవచ్చు, తర్వాత చూద్దామని వాయిదా వేయవచ్చు, పాత ఊహకు సరిపడేలా అర్థం మార్చుకోవచ్చు, పైపైన చిన్న సవరణ చేసుకోవచ్చు. ఏడో దారి ఒక్కటే అసలు ఊహను మార్చుకోవడం. కాలిన పీచుకు మసి అంటుకుని బరువెక్కిందనడం, కర్ర ముందే సరిగా లేదనడం ఈ దారుల్లోవే. ఫ్లాజిస్టన్ వాదులు చేసింది కూడా ఇదే. పిల్లలు అలా అన్నారంటే వాళ్లు ఆలోచిస్తున్నట్టే లెక్క. మసి వాదనకు జవాబు ఉపన్యాసం కాదు, ఇంకో ప్రయోగం. మూత బిగించిన గాజు కుప్పెలో పీచును కాల్చి కుప్పె మొత్తాన్ని తూస్తే బరువు మారదు. మూత తీయగానే గాలి లోపలికి పోయే చప్పుడు వినిపిస్తుంది, మళ్లీ తూస్తే అప్పుడు కాస్త పెరుగుతుంది. పెరిగిన బరువు గాలిలోంచి వచ్చిందని దీనికంటే సూటిగా చూపడం కష్టం.

ముందు చెప్పించి, తర్వాత చూపించి

ఇలాంటి ప్రయోగాలను తరగతిలో నడపడానికి ఒక పద్ధతిని ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ వైట్, రిచర్డ్ గన్‌స్టోన్ 1992లో తమ పుస్తకంలో వివరించారు. ఊహించు, గమనించు, వివరించు అన్నవి అందులోని మూడు మెట్లు. ప్రయోగం మొదలుకాకముందే ప్రతి విద్యార్థీ ఏం జరుగుతుందో, ఎందుకో కాగితం మీద రాయాలి. తర్వాత జరిగింది జరిగినట్టు రాయాలి. రెండూ కలవకపోతే ఎందుకో పక్కవాళ్లతో చర్చించి వివరణ రాయాలి. చూడటానికి చాలా మామూలుగా ఉంది. కిటుకంతా మొదటి మెట్టులోనే ఉంది. రాయకుండా ప్రయోగం చూసిన విద్యార్థి ఫలితం వచ్చాక 'నేనూ అదే అనుకున్నాను' అంటాడు, అబద్ధమాడాలని కాదు, నిజంగానే అలా గుర్తుంటుంది. రాసి ఉంటే ఆ వెసులుబాటు ఉండదు.

అయితే తప్పు బయటపడినంత మాత్రాన సరిపోదు. కార్నెల్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ పోస్నర్ బృందం 1982లోనే చెప్పినట్టు, పాత ఊహ మీద అసంతృప్తి కలగడంతో పాటు దాని చోట నిలబడే కొత్త భావన అర్థమయ్యేలా ఉండాలి, నమ్మదగినట్టుండాలి, మరిన్ని సంగతులను వివరించగలగాలి. పాతది లాగేసుకుని కొత్తది చేతికివ్వకపోతే విద్యార్థి వారం తిరిగేసరికి పాతదానికే వెళ్లిపోతాడు.

ఆమ్లాల పాఠం దీనికి మంచి ఉదాహరణ. ఇంట్లో 'స్ట్రాంగ్ టీ' అంటే డికాక్షన్ చిక్కగా ఉన్న టీ. అదే అర్థంతో విద్యార్థి బలమైన ఆమ్లం అన్న మాటను గాఢమైన ఆమ్లం అనుకుంటాడు. రసాయనశాస్త్రంలో ఇవి రెండు వేరు సంగతులు. గాఢత అంటే నీటిలో ఆమ్లం ఎంత ఉందన్నది. బలం అంటే ఉన్నదానిలో ఎంత భాగం అయాన్లుగా విడిపోయిందన్నది. 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ 1. అంతే గాఢత గల ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండేది, పీహెచ్ సుమారు 2.9. ఇప్పుడు రెండిటినీ 10 మి.లీ. చొప్పున తీసుకుని 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌తో టైట్రేషన్ చేస్తే దేనికి ఎక్కువ క్షారం పడుతుందని అడగాలి. బలమైనదానికే ఎక్కువ పడుతుందని రాయడం విద్యార్థికి సహజం. బ్యూరెట్ మాత్రం రెండు సందర్భాల్లోనూ 10 మి.లీ. దగ్గరే ఆగుతుంది. క్షారం చేరేకొద్దీ ఎసిటిక్ ఆమ్లంలో విడిపోకుండా మిగిలిన అణువులు కూడా విడిపోతూ వస్తాయన్నది ఆ సంఖ్యలోంచి విద్యార్థే రాబట్టగలడు. ఆ చివరి బిందువు దగ్గర ద్రావణం పీహెచ్ 7 కాదు, దాదాపు 8.7. అందుకే అక్కడ మిథైల్ ఆరెంజ్ పనికిరాదు, ఫినాఫ్తలీన్ వాడాలి. 'తటస్థీకరణం' అన్న పేరు తెచ్చిపెట్టిన మరో అపోహ అలా దారిలోనే తొలగుతుంది.

ఈ తేడా తెలియడం పరీక్షకే పరిమితం కాదు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం రసాయనశాస్త్రం లెక్కలో బలహీన ఆమ్లం. కానీ చర్మంలోంచి లోపలికి చొచ్చుకుపోయి శరీరంలోని కాల్షియాన్ని పట్టుకుని ప్రాణం తీయగలదు. బలహీనం అంటే ప్రమాదం లేనిదని అర్థం చేసుకున్న విద్యార్థి రేపు ఏ పరిశ్రమలోనో ఆ సీసా ముందు నిలబడవచ్చు.

కంటికి కనిపించని చోట

ప్రయోగశాలకు ఒక పరిమితి ఉంది. అక్కడ రంగు, వేడి, బుడగ, బరువు కనిపిస్తాయి, పరమాణువు కనిపించదు. రసాయనశాస్త్రం కష్టమనిపించడానికి కారణం ఇదేనని గ్లాస్గో యూనివర్సిటీకి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ అనేవారు. కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీద సంకేతాలు అన్న మూడు లోకాల మధ్య ఉపాధ్యాయుడు చెప్పకుండానే గెంతుతుంటాడు, కొత్తగా చేరినవాడు వెంట పరిగెత్తలేడు. ఇజ్రాయెల్ పరిశోధకులు 1986లో ప్రచురించిన ఒక అధ్యయనంలో రాగితీగ గుణాలను ఒక్క పరమాణువుకు కూడా అంటగట్టిన విద్యార్థులు చాలామందే కనిపించారు. తీగ సాగుతుంది కాబట్టి పరమాణువూ సాగుతుందని వాళ్ల ఊహ. మరుసటి ఏడాది సుసాన్ నురెన్‌బర్న్, మైల్స్ పికరింగ్ ఇంకో సంగతి చూపించారు. వాయువుల మీద లెక్కలు సరిగ్గా చేసిన కళాశాల విద్యార్థులే, ఆ వాయువు కణాలు పాత్రలో ఎలా ఉంటాయో బొమ్మల్లో గుర్తించమంటే తడబడ్డారు. ఎంట్రన్స్ కోచింగ్‌లో రోజుకు వంద లెక్కలు చేసే పిల్లల తల్లిదండ్రులు ఈ ఫలితాన్ని తెలుసుకోవడం మంచిది.

మరుగుతున్న నీళ్లలో బుడగల సంగతే చూడండి. న్యూజిలాండ్‌లో రోజర్ ఆస్‌బోర్న్, మార్క్ కాస్‌గ్రోవ్ 1983లో ప్రచురించిన అధ్యయనంలో ఆ బుడగలు గాలి అన్నవారు, వేడి అన్నవారు, హైడ్రోజన్, ఆక్సిజన్ అన్నవారు ఉన్నారు. చివరి జవాబు ఆసక్తికరం. నీటిలో హైడ్రోజన్, ఆక్సిజన్ ఉంటాయని పాఠం వినని పిల్లవాడు ఆ తప్పు చేయలేడు. గాలి అన్నవాడి మాటలో కొంత నిజం కూడా ఉంది. నీళ్లు మరగకముందు గిన్నె అడుగున కనిపించే చిన్న బుడగలు నీటిలో కరిగిన గాలివే. తేల్చుకోవాలంటే మరుగుతున్న కుప్పెలోంచి గొట్టం ద్వారా వచ్చేదాన్ని చన్నీళ్లలో, నీళ్లు నింపి బోర్లించిన నాళిక కిందికి పంపాలి. మొదట కొంత గాలి చేరుతుంది. ఆ తర్వాత వచ్చే బుడగలు టపటపమంటూ పైకి చేరకముందే మాయమవుతాయి. హైడ్రోజన్ అయితే నాళిక నిండి ఉండేది. ఇది ఉపాధ్యాయుడే చేయాలి. మంట తీసేముందు గొట్టాన్ని నీళ్లలోంచి ఎత్తకపోతే చన్నీళ్లు వెనక్కి వెళ్లి వేడి కుప్పె పగలవచ్చు. చూసింది పూర్తయ్యాక, బుడగ లోపల ఏముందో కణాల బొమ్మ గీయమని విద్యార్థినే అడగాలి. ప్రయోగం ఆపిన చోట బొమ్మ మొదలవ్వాలి.

ఇవేవీ భారతదేశానికి కొత్త కావు. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పాఠశాలల్లో మొదలైన సైన్సు బోధన కార్యక్రమంలో పిల్లలు చిన్న జట్లుగా కూర్చుని ప్రయోగాలు చేసి, జవాబులు తామే రాబట్టేవారు. పుస్తకం జవాబు చెప్పేది కాదు, పరీక్షకు పుస్తకం తీసుకెళ్లనిచ్చేవారు. జిల్లా అంతటికీ పాకిన ఆ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వం ఆపేసింది. ఖర్చు అడ్డు అనడానికి వీల్లేదని మాత్రం అది నిరూపించింది. పైన చెప్పిన ప్రయోగాల్లోనూ కొవ్వొత్తులు, పంచదార, ఇనుప పీచు, వెనిగర్ లాంటివే ఎక్కువ. రైతు ఇంట్లో ఉండే యూరియా గుప్పెడు నీళ్లలో వేస్తే గ్లాసు చల్లబడుతుంది. కలిపితే వేడి పుట్టాల్సిందేనన్న ఊహను కదిలించడానికి అది చాలు.

అసలు అడ్డు ప్రాక్టికల్ రికార్డు. సీనియర్ల రికార్డు చూసి ముందే ఫలితంతో సహా రాసేసుకుని, ల్యాబ్‌లో బ్యూరెట్ రీడింగ్‌ను దానికి సరిపడేలా దిద్దుకోవడం ఎన్నో కళాశాలల్లో గుట్టేమీ కాదు. రావలసిన విలువకే మార్కులు ఇస్తున్నంతకాలం విద్యార్థి చేసేది అదే, తప్పు పట్టడానికి లేదు. ఆ రికార్డులో ఉద్దేశం, పరికరాలు, విధానం అన్న శీర్షికలకు పైన ఒక్క గడి చేర్చవచ్చు: ఏం జరుగుతుందనుకుంటున్నావు, ఎందుకు? ఆ గడిని సిరాతో నింపాలి, చెరిపే వీలు ఉండకూడదు. అధ్యాపకుడు ప్రయోగం మొదలుకాకముందే అక్కడ సంతకం పెట్టాలి. దానికి మార్కులు మాత్రం ఉండకూడదు.